దండుకాటిలో మూడో రాయి

మిల్లు సంగు పన్నెండింటికి ఊదుతుంది. ఊదిన మరుక్షణం ట్రాక్టరు దండుకాటిలోకి దిగి నేలంతా చదును చేస్తుంది. ఆ తర్వాత అంతోని హంతకుడు కాడని చెప్పడానికి ఒక్క ఆనవాలు కూడా మిగలదు. ఆండియప్ప జేబుగడియారం తీసి చూసుకున్నాడు. పదికి ఇంకా అయిదు నిమిషాలుంది.

సూలూరు దాటి మూడు మైళ్ళు పోతే వస్తుందా చోటు. కోయంబత్తూరు చుట్టుపక్కల మిల్లు సైరనును సంగు అంటారు. జనం దానికే లేస్తారు, దానికే తింటారు. ఈ 1952లో ఆ సంగుకు ఎదురు చెప్పగల మొనగాడు ఆ ప్రాంతంలో ఒక్కడే ఉండేవాడు, ముసలి మునిసామి. దండుకాటికి కాపరి. గురువారం ఉదయం ఆయన్నెవరో తల పగలగొట్టి చంపారు. ఇవాళ శనివారం. మామను చంపాడని అల్లుడు అంతోనిని లాకప్‌లో పెట్టారు. మధ్యాహ్నం కోర్టుకు తీసుకుపోతారు.

అంతోని పెళ్ళాం అమరావతి, అంటే మునిసామి కూతురు, ముందు నడుస్తోంది. గట్టు దగ్గర చెప్పులు విడిచి, వెనక్కి తిరిగి ఆండియప్ప కాళ్ళకేసి చూసింది. ఆయనా గొణుక్కుంటూ విడిచాడు. ఆయన మదురై వైపు తెలుగువాడు. ఇరవయ్యారేళ్ళు పోలీసు స్టేషన్లలో రైటరుగా పనిచేసి, ఊళ్ళోవాళ్ళ అబద్ధాలన్నీ సొంత దస్తూరీతో రాసి రాసి విసిగి, పెన్షను పుచ్చుకున్నాక డిటెక్టివు అవతారం ఎత్తినవాడు. పొడుం లేనిదే బుర్ర కదలదు. బుర్ర కదిలితే నోరు ఊరుకోదు.

ఇన్‌స్పెక్టర్ సుందరమూర్తి కోర్టుకు పెట్టిన రిపోర్టు నకలు ఆయన జేబులో ఉంది. బస్సులో రెండుసార్లు చదివాడు. ఇంగ్లీషులో టైపు చేసిన పేజీన్నర. దండుకాడు అనే శ్మశాన భూమిలో శవం దొరికింది. ఉదయం అయిదున్నరకు అంతోని గునపంతో లోపలికి పోవడం పాలవాడు చూశాడు. ఎనిమిదిన్నరకు సర్వేవాళ్ళు శవాన్ని చూశారు, పక్కనే గునపం ఉంది. నేల మీద ఉన్నవన్నీ ఉత్త కాళ్ళ జాడలే. ముద్దాయి తప్ప మరెవరూ లోపలికి పోలేదు. మొదటి వాక్యం నుంచి సంతకం దాకా ఒక్క కొట్టివేత లేదు. అంత శుభ్రంగా ఉండడమే ఆండియప్పకు నచ్చలేదు. ఏదో ముల్లు గుచ్చుకుంటోంది గాని ఎక్కడ గుచ్చుకుంటోందో చేతికి తగలడం లేదు.

అమరావతి చెప్పింది ఇంకో రకంగా ఉంది. గునపం తెమ్మన్నది మునిసామే. నేల ఎలాగూ పోతోంది, వీరగల్లునైనా పెళ్ళగించి ఇంటికి తెచ్చుకుందామని ముసలాయన ఆశ. తీరా గునపం ఆనించే వేళకు ఆయన మనసు విరిగిపోయింది. "రాయి వస్తాది సరి, దీని కింద పండుకొన్నోళ్ళు వస్తారా?" అని అల్లుణ్ణి పనికి పొమ్మన్నాడు. అంతోని గునపం అక్కడే పడేసి పోయాడు. మిల్లు టైమాఫీసులో అతని కార్డు మీద ఆరూ యాభై అని ముద్ర పడింది. సాయంత్రం మూడున్నర దాకా దూది గదిలోంచి బయటికి రాలేదు. అయిదున్నరకూ ఆరూ యాభైకీ మధ్య చంపేసి, కాళ్ళు కడుక్కుని పనిలోకి పోయాడంటాడు ఇన్‌స్పెక్టరు.

వీరగల్లు రొమ్ము ఎత్తు ఉంటుంది. గుర్రం మీద ఒక మనిషి, చేతిలో కత్తి, ముఖం అరిగిపోయింది. నూటయాభై ఏళ్ళ కిందట ఒక పాళెగాడి మనుషులూ కుంఫిణీ సిపాయిలూ అక్కడ ఒక్క పూట కొట్టుకు చచ్చారు. ఎవరి శవమో తేల్చుకునే ఓపిక లేక అందరినీ ఒకే చోట పూడ్చారు. కాపలాకు మునిసామి ముత్తాత తాతను పెట్టారు. అప్పుడది ముప్ఫై ఎకరాలు. రోడ్డు కొంత మింగింది, నూలు షెడ్డు కొంత, కూలీల లైను ఇళ్ళు కొంత. మిగిలింది నాలుగెకరాలు. బళ్ళో పిల్లలు వచ్చినా, సూలూరు నుంచి సిపాయిలు వచ్చినా, ముత్తాతను వెతుక్కుంటూ ఒకసారి తెల్లదొరసాని వచ్చినా మునిసామి అరగంట సేపు అదే కథ చెప్పేవాడు. పుచ్చుకునేది ఏమీ లేదు. ఆండియప్పకు నిజంగానే గుండె బరువెక్కింది. చచ్చిన వాళ్ళను ఆ ఒక్క పూట చంపారు. తర్వాత నూటయాభై ఏళ్ళుగా గజం గజం చొప్పున చంపుతూనే ఉన్నారు.

"ఇట్ల చూడండయ్యా," అంది అమరావతి, వీరగల్లు మొదట్లోకి వంగి.

మూడు రాళ్ళున్నాయి. వాటి మీద ఎండిన నెత్తురు మరకలు. ఒకటి తెల్లటి పలుగురాయి. రెండోది ఇటుక ముక్క. మూడోది నల్లగా నీలిగా మెరిసే కొత్త రాయి.

అక్కడొక ఆచారం ఉందని ఆమె చెప్పుకొచ్చింది. దండుకాటికి వచ్చే తెలుగువాళ్ళు ఎవరైనా సొంత నేల నుంచి ఒక రాయి తెచ్చి వీరగల్లు పాదాన వేసి దండం పెడతారు. ఎవరి గుర్తు వాళ్ళది. పొద్దుగూకే వేళకు మునిసామి ఆ రాళ్ళన్నీ ఊడ్చి పక్కన కుప్పలో పోసేవాడు. బుధవారం ఆరు గంటలకు ఆమె కూడు తెచ్చినప్పుడు ఆయన ఊడుస్తూనే ఉన్నాడు. గురువారం నుంచి పోలీసులు తాడు కట్టి, ఇవాళ పొద్దున్న విప్పేదాకా ఎవరినీ రానివ్వలేదు. ఊడ్చేవాడు లేడు.

"అంటే ఈ మూడూ గురువారం పొద్దున్న పడ్డవే," అన్నాడు ఆండియప్ప. "తెల్లది ఎవరిది?"

"మా నాయనది. గుడిసె వాకిట్లో ఉండేదంతా పలుగురాయే. ఇటుక మా ఆయనది. మాకు నేల ఎక్కడిదయ్యా? లైను ఇంటి గోడలోనుంచి ఊడిన ముక్క. ఆయన మాతాకోయిలకు, చర్చికి పొయ్యేవాడే. అయినా ఇక్కడికి వస్తే రాయి వెయ్యకుండా ఉండడు."

"మూడోది?"

ఆమెకు తెలియదు.

ఆండియప్ప మోకాళ్ళ మీద కూర్చుని పది నిమిషాలు ఆ రాళ్ళనే చూశాడు. నీలం రాయి ఇటుక ముక్క మీద సగం ఎక్కి కూర్చుంది. కాబట్టి అంతోని తర్వాత వచ్చినవాడిది. నెత్తురు నీలం రాయి పైన ఉంది. ఎత్తి చూస్తే దాని అడుగున గాని, అది కప్పిన ఇటుక భాగం మీద గాని ఒక్క చుక్క లేదు. కాబట్టి ఆ రాయి పడేటప్పటికి మునిసామి ఇంకా బతికే ఉన్నాడు. మరెవరూ రాలేదన్న రిపోర్టు అబద్ధం. రాయి ఒక అంచున నున్నటి సగం గొట్టం లాంటి గాడి ఉంది. బండకు తూటు పొడిచి మందు కూరి పేలిస్తే మిగిలే గాడి అది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొడుం వాసనను కూడా దాటుకుని మందు వాసన వచ్చింది. రాయిని మళ్ళీ ఉన్నచోటే ఉన్నట్టు పెట్టాడు.

"ఈ చుట్టుపక్కల బాయి ఎవరు తవ్విస్తుండారు, అమ్మణీ?"

"పొన్నుసామి నాయుడుగారు. ఈ నేల మిల్లుకు అమ్మింది ఆయనే గదా," అంది అమరావతి. ఆ నేల తన పట్టాలో మెట్టచేనుగా ఉందని చూపించి అమ్మాడట. కాదనడానికి మునిసామి దగ్గర ఒక్కటే ఆధారం, కుంఫిణీ కాలం కాగితం. ఎప్పుడూ వెదురు గొట్టంలో పెట్టుకుని నడుముకు కట్టుకునేవాడు. అది తెలుగు అక్షరాల్లో ఉంది. ఊళ్ళో అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే, బళ్ళో అరవం చదివినవాళ్ళే. ఆ కాగితం చదవగలిగినవాడు మునిసామితో సహా ఒక్కడూ లేడు. శవం మీద ఆ గొట్టం లేదు.

పదీ నలభైకి ఆండియప్ప పొన్నుసామి ఇంట్లో మజ్జిగ తాగుతున్నాడు. బావి పెరట్లోనే ఉంది. దాని ఒడ్డున నీలం రాళ్ళ గుట్ట. మందు పేల్చింది బుధవారం సాయంత్రం నాలుగింటికని, అదే మొదటిసారని కూలీలు చెప్పారు. పొన్నుసామి లోపల స్నానంలో ఉన్నాడు. మజ్జిగ ఇచ్చిన ఆయన భార్య లక్ష్మమ్మాళ్ నోరు మంచిది. దండుకాటి మాట ఎత్తగానే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చిన్నప్పుడు తనూ తమ్ముడూ అవ్వ చెయ్యి పట్టుకుని పోయి రాళ్ళు వేసేవాళ్ళట.

"వాడు ఇప్పటికీ మరవలే," అందామె. "బుధవారం రాత్రి ఇక్కడే పండుకొన్నాడు. బేస్తవారం ఆరు కొట్టినప్పుడు బాయికాడ ఒక రాయి ఎత్తుకొని, దండుకాటికి పోయి వస్తా అక్కా అని చెప్పి పోయినాడు."

"ఏమి ఉద్యోగం తల్లీ, మీ తమ్ముడికి?"

ఆమె నోరు తెరిచేలోపు పొన్నుసామి తడి తలతో వచ్చి నిలబడ్డాడు. భార్యను ఒక్క చూపుతో లోపలికి పంపాడు. ఆండియప్ప అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం నుంచి గురువారం మధ్యాహ్నం దాకా తాను మదురైలో ఉన్నాడు. రైలు టికెట్టూ, వకీలు చీటీ చూపించాడు. బావమరిది పేరు గోవిందరాజన్, బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారం, గురువారం ఉదయమే బస్సెక్కి వెళ్ళిపోయాడు. చిరునామా మాత్రం గుర్తు లేదన్నాడు. సొంత బావమరిది చిరునామా! ఆండియప్ప నవ్వి, గుర్తొచ్చినప్పుడు చెప్పండి చాలని లేచాడు.

దండుకాటికి తిరిగి వచ్చేసరికి పదకొండూ నలభై. ట్రాక్టరు గట్టు మీద ఉరుముతోంది. డ్రైవరు పాండి బీడీ కాలుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ సుందరమూర్తి మోటారుసైకిల్ ఆపి, ఇస్త్రీ మడత నలగకుండా దిగి, బూటుకాళ్ళతో సరాసరి వీరగల్లు దగ్గరికి నడిచాడు. అమరావతి ఆ బూట్లకేసి చూసి తల తిప్పుకుంది. ముప్ఫై అయిదేళ్ళవాడు. మూడు నెలల కిందట దిండిగల్ నుంచి బదిలీ మీద వచ్చాడు. తనకు తెలుగు రాదనీ, స్టేషనులో ఎవరైనా అరవంలోనే మాట్లాడాలనీ మొదటిరోజే చెప్పిన మనిషి. ఇప్పుడూ అరవంలోనే మొదలుపెట్టాడు.

పెన్షను పుచ్చుకున్నాక రాళ్ళు ఏరుకునే పని దొరికిందా రైటరుగారూ అని వెటకారం చేశాడు. ఆండియప్ప కోపం తెచ్చుకోలేదు. మూడు రాళ్ళ సంగతీ, బావి మందు సంగతీ, ఆ ఇంట్లో పడుకున్న బావమరిది సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "అయితే బోడికి పోయి ఆ ఏలకులవాణ్ణి వెతుక్కోండి. నేనేం వద్దనలేదు. నా పంచనామా అయిపోయింది. సంగు ఊదితే ఈ చోటు మిల్లుది."

"ఒక్క రోజు ఆపండి. ఈ రాళ్ళు ఉన్నచోట ఉన్నట్టు మేజిస్ట్రేటుగారు చూడాల."

"రాళ్ళను సాక్షులుగా పిలిపిస్తారా? వాటికి ప్రమాణం ఎవరు చేయిస్తారు?"

అమరావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదకొండూ యాభై రెండు. ఆండియప్పకు మొదటిసారి భయం వేసింది. ఈ మనిషి చెప్పేది చట్టం ప్రకారం తప్పు కాదు. అక్కడ గోవిందరాజన్ అన్నవాడు ఉంటాడన్న నమ్మకమూ తనకు లేదు. ఆలోచన సాగడానికి పొడుం డబ్బీ తీశాడు.

ట్రాక్టరు మీద నుంచి పాండికి విసుగెత్తింది. "ఎన్న సామీ ఇది," అని నవ్వాడు. "కాడు అని పేరు పెట్టుకొన్నాక దున్నక ఏం చేస్తారు? పూజ చేస్తారా?"

ఆండియప్ప వేళ్ళు డబ్బీలోనే ఆగిపోయాయి.

అంతసేపూ గుచ్చుకుంటున్న ముల్లు ఇప్పుడు తగిలింది. పాండి అరవవాడు. ఈ కొంగునాట, అంటే కోయంబత్తూరు చుట్టుపక్కల, అరవవాడికి కాడు అంటే చేను, మెట్టపొలం. శ్మశానమని చెప్పాలంటే సుడుకాడు అనాలి, ఇడుకాడు అనాలి. ఉత్త కాడు అంటే దున్నుకునే నేలే. ఎన్నడో ఒక అరవ కరణం ఆ పేరు విని మెట్టచేను అని రాసుకున్నాడు. పొన్నుసామి పట్టాలో అదే ఉంది, మిల్లు పత్రంలో అదే ఉంది, సర్వేవాళ్ళ పటంలో అదే ఉంది. ఊరు పొమ్మంటుంది, కాడు రమ్మంటుంది అనే సామెత తల్లి ఒడిలో విన్నవాడికే కాడు అంటే శ్మశానం. తనూ ఆ ఒడిలోనే పెరిగాడు కాబట్టే రిపోర్టు రెండుసార్లు చదివినా ఆ మొదటి వాక్యం వింతగా తోచలేదు. తనను తానే ఒక తిట్టు తిట్టుకున్నాడు.

జేబులోంచి రిపోర్టు తీశాడు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఇది మీరే టైపు చేసినారా?"

"నేనే. తప్పులేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు. దండుకాడు అనే శ్మశాన భూమి అని రాసినారు. మీకు చూపించిన కాగితాలన్నింట్లో మెట్టచేను అని ఉండాది. ఈ ఊళ్ళో ఎవరి వాఙ్మూలమూ మీరు తెలుగులో తీసుకోలే. మరి ఇది శ్మశానమని మీకు ఎవరు చెప్పినారు?"

సుందరమూర్తి ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని దాని వెనక మనిషి లేడు.

"మీరే రాసినారు, జాడలన్నీ ఉత్త కాళ్ళవని," ఆండియప్ప నెమ్మదిగా అన్నాడు. "బేస్తవారం పొద్దున్న మీ బూట్లు ఆ గట్టు మీదనే ఉండుంటాయి. ఎవరూ చూడనప్పుడు మీరూ విడిచే వస్తారు. ఏలకులవాడు ఎవడూ లేడు. లక్ష్మమ్మాళ్ తమ్ముడు మీరే."

కంచే చేను మేసింది. ఆ మాట పైకి అనబుద్ధి కాలేదు ఆయనకు.

అప్పుడు సంగు ఊదింది. నిమిషం సేపు ఎవరి మాటా ఎవరికీ వినబడకుండా ఊది ఆగింది. పాండి ట్రాక్టరు మీద నిలబడి అడిగాడు.

"సుడుకాడా సామీ ఇది?"

"ఆమా. ఇన్‌స్పెక్టరుగారే రాసి కోర్టుకు ఇచ్చినారు," అన్నాడు ఆండియప్ప.

పాండి ఎంజిను ఆపేశాడు. దిగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. మిల్లు మేనేజరు అడిగితే ఏం చెప్పుకోవాలో తనకు తెలుసన్నాడు.

సుందరమూర్తి కుడి చెయ్యి చొక్కాలోకి పోయింది. రోడ్డు మీద కాపలాకు పెట్టిన కానిస్టేబుళ్ళు కేక వేసినా వచ్చేంత దగ్గర్లో లేరు. ఆండియప్ప అమరావతిని వెనక్కి నెట్టి అడ్డంగా నిలబడ్డాడు. ఈ వయసులో ఇంతకు మించి చేయగలిగింది ఏమీ లేదనిపించింది.

చొక్కాలోంచి వచ్చింది తుపాకీ కాదు. జానెడు వెదురు గొట్టం.

"రెండు రోజులుగా పెట్టుకొని తిరుగుతుండా అన్నా," అన్నాడు సుందరమూర్తి. అరవం కాదు. అమరావతి మాట్లాడే తెలుగు, లక్ష్మమ్మాళ్ మాట్లాడే తెలుగు. "పారెయ్యను చెయ్యి రాలే."

అతను వీరగల్లు వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. బావ మాట కాదనలేక కాగితం అడగడానికే వచ్చాడు. అవ్వ నేర్పినట్టే రాయి వేశాడు, దండం పెట్టాడు. ముసలాయన మొదట కోపపడలేదు కూడా. గొట్టం విప్పి కాగితం చేతిలో పెట్టి, మనవాడివే గదా, చదివి చెప్పరా, చదివితే నీకే ఇస్తాను అన్నాడు. ఇతను అటూ ఇటూ తిప్పి చూశాడు. ముసలాయన నవ్వాడు.

"తాత ముత్తాతల అక్షరం ఒక్కటి రాదు, నేల అమ్మేదానికి మాత్రం వచ్చినావా అన్నాడు. ఆ నవ్వు ఆగలే అన్నా. గునపం కాళ్ళకాడనే ఉండె." చేతిలోని గొట్టంకేసి చూశాడు. "రాళ్ళు ఎవరు లెక్కపెడతారు అనుకొంటి."

"మా ఆయనను విడిచిపెడతారా?" అంది అమరావతి. ఆమె అడిగింది అదొక్కటే.

సుందరమూర్తి తల ఊపి, నేల మీద కూలబడి బూటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూనే గొట్టం ఆండియప్ప చేతికి ఇచ్చాడు.

"చదువన్నా. ఒక్కసారి. దేనికి చంపితినో విని పోతా."

ఆండియప్ప మూత తీసి, మడతలు చిరగకుండా కాగితం విప్పాడు. గుండ్రటి అక్షరాలు, పూసల్లా, వరసలు వరసలుగా కింది దాకా ఉన్నాయి. కళ్ళజోడు సరిచేసుకున్నాడు. కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు. అమరావతి కూడా దగ్గరికొచ్చి తొంగిచూసింది. ఇద్దరూ ఆయన నోటికేసే చూస్తున్నారు. ఇరవయ్యారేళ్ళ రైటరు ఉద్యోగంలో ఆయన అరవం రాశాడు, ఇంగ్లీషు రాశాడు.

తెలుగు చదవడం ఆయనకూ రాదు.